డోర్సెట్ కూలీల పేర్లు, మన తాతల కులాలు

గత వేసవిలో ఇంగ్లండులోని మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నాను. తొమ్మిదేళ్ళ నా మనవరాలికి బడిలో ఒక పని ఇచ్చారు. పెద్ద అట్టమీద ఒక చెట్టు బొమ్మ గీసి, కుడికొమ్మల మీద తండ్రివైపు పెద్దల పేర్లు, ఎడమకొమ్మల మీద తల్లివైపు పెద్దల పేర్లు రాసుకురమ్మన్నారు. మా అల్లుడు ఆంగ్లేయుడు. వాళ్ళది నైరుతి ఇంగ్లండులోని డోర్సెట్ కౌంటీలో తరతరాలుగా పొలంకూలీ చేసుకు బతికిన కుటుంబం. భూమి లేదు, బిరుదు లేదు, రాతి సమాధి కూడా లేదు. అయినా మూడు వారాల్లో కుడివైపు కొమ్మలు తొమ్మిది తరాల ఎత్తుకు పెరిగాయి. ఎడమవైపు కొమ్మలు నాలుగో తరం దగ్గర ఆగిపోయాయి. ఆ నాలుగో తరం మా తాత.

‘మీ తాతకు నాన్న లేడా తాతయ్యా?’ అని పిల్ల అడిగింది. ఉన్నాడమ్మా, రాసినవాళ్ళు లేరు అన్నాను. ఆ జవాబు పిల్లకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కూలివాడి ముత్తాత పేరు ఒక దేశంలో ఎట్లా మిగిలింది, మరొక దేశంలో ఎట్లా పోయింది అన్న ప్రశ్న వెంట మిగిలిన సెలవంతా తిరిగాను. మా వియ్యపురాలు కొన్నేళ్ళుగా ఈ వెతుకులాటలోనే ఉన్నారు. ఆమె వెంట డోర్చెస్టర్ పట్టణంలోని డోర్సెట్ హిస్టరీ సెంటరుకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. అక్కడ నేను చూసినవీ, వాటి పక్కన నాకు గుర్తుకొచ్చినవీ ఈ వ్యాసంలో చెబుతాను.

వెతికే పద్ధతి మొదట చెప్పాలి. ఎవరూ రాజు దగ్గర మొదలుపెట్టి కిందికి రారు. తెలిసినవారి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే వెనక్కి నడవాలి. ఇంగ్లండు, వేల్స్‌లలో 1837 జూలై 1 నుంచి జనన, వివాహ, మరణాల నమోదు ప్రభుత్వ పరమైంది. జనన పత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. కనుక ఒక్క పత్రం దొరికితే రెండు కుటుంబాల దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాతి ఆధారం జనాభా లెక్కలు. పదేళ్ళకొకసారి లెక్కలు 1801లోనే మొదలైనా దేశమంతటా మనుషుల పేర్లు రాసింది 1841 నుంచి. నింపిన పట్టికలను నూరేళ్ళు మూసి ఉంచి, ఆపైన ప్రజలకు తెరుస్తారు. 1921 పట్టికలు 2022 జనవరిలో తెరిచారు. 1931వి యుద్ధకాలంలో, 1942 డిసెంబరులో, ఒక గోదాములో అగ్నిప్రమాదానికి కాలిపోయాయి. 1941లో లెక్కలే జరగలేదు. అందుకే 1939 సెప్టెంబరు 29న గుర్తింపు కార్డుల కోసం రాసిన రిజిస్టరు ఈ వెతుకులాటకు ప్రాణాధారమైంది.

1921లో మా అల్లుడి ముత్తాత రైల్వే పోర్టరు. 1911 కాగితంలో ఆయన తండ్రి పొలం బండి తోలేవాడు. ఆ ఏటి కాగితానికి ఒక ప్రత్యేకత ఉంది. అంతకుముందు ఇంటింటి కాగితాలను ఎన్యూమరేటరు తన పుస్తకంలోకి ఎత్తి రాసేవాడు, మనకు మిగిలింది ఆ పుస్తకమే. 1911లో ఇంటి యజమాని స్వహస్తంతో నింపిన కాగితాన్నే భద్రపరిచారు. బండివాడి చేతిరాత నా ముందున్న తెరమీద కనిపించింది. అక్షరాలు పెద్దవి, వంకరవి, కానీ ఒక్కటీ తప్పిపోలేదు. 1870 విద్యాచట్టం నాటికి అతనికి ఆరేళ్ళు. అతని తండ్రి 1860లో పెళ్ళి రిజిస్టరులో ఇంటూ గుర్తు పెట్టాడు. పెళ్ళికూతురూ అదే గుర్తు పెట్టింది. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో పెళ్ళాడిన పురుషుల్లో సుమారు మూడోవంతు, స్త్రీలలో సుమారు సగం మంది సంతకం చేయలేక గుర్తు పెట్టినవారే. వేలిముద్ర వేసిన మా నాయనమ్మ నాకు అక్కడ గుర్తుకొచ్చింది.

1881, 1871, 1861, 1851, 1841. ఏ పట్టిక తీసినా వృత్తి గడిలో ఒకే మాట: ఆగ్ ల్యాబ్. అగ్రికల్చరల్ లేబరర్ అనే మాటను ఎన్యూమరేటర్లు అట్లా కుదించి రాసేవారు. పేజీల నిండా ఆగ్ ల్యాబ్, ఆగ్ ల్యాబ్ అని ఉంటుంది. తండ్రి ఆగ్ ల్యాబ్, పదిహేనేళ్ళ కొడుకు ఆగ్ ల్యాబ్. మొదటిసారి ఆ పేజీ చూసినప్పుడు ఇది వృత్తి కాదు కులమే అనిపించింది. మన గ్రామాల్లో పాలేరు కొడుకు పాలేరే అయినట్టు ఐదు తరాలు ఒకే మట్టిలో ఉండిపోయాయి.

ఈ పట్టికలను కళ్ళు మూసుకుని నమ్మకూడదని కూడా అక్కడే నేర్చుకున్నాను. 1841లో పదిహేనేళ్ళు దాటినవారి వయసును ఐదుకు తగ్గించి రాయమన్నారు. మా అల్లుడి పూర్వికురాలు ఒకామె వయసు ఆ ఏడు 35. పదేళ్ళ తర్వాత 49. అబద్ధమాడింది ఆమె కాదు, నియమం. మన పల్లెల్లో బడిలో చేర్చుకున్న మాస్టారు జూలై ఒకటో తేదీ పుట్టినరోజుగా రాసిపెట్టిన తరం మాది. నా సర్టిఫికెట్లోనూ అదే తేదీ. కనుక ఆ అంకె నాకు చుట్టంలా కనిపించింది.

ఆమె గురించే మరొక సంగతి. 1851లో ఆమె వృత్తి గడిలో గుండీలు కుట్టే పని అని ఉంది. డోర్సెట్ గుండీలు ఒకప్పుడు పేరుపొందినవి. సన్నని తీగ చుట్టం మీద దారంతో ఇళ్ళలో ఆడవాళ్ళు కుట్టేవారు. యంత్రాలు వచ్చాక 1850ల్లో ఆ పని కూలిపోయింది. 1861లో ఆమె వృత్తి గడి ఖాళీ. ఆ ఖాళీని చూసి ఆమె ఖాళీగా కూర్చుందని అనుకుంటే పొరపాటు. భర్తకు తోడుగా పనిచేసే భార్య వృత్తిని రాయనక్కరలేదని 1841 సూచనల్లోనే ఉంది. కలుపు తీసినా, పంట కోసినా, పాలు పితికినా స్త్రీ శ్రమ గడిలోకి ఎక్కడం అరుదు. మన కుటుంబ సర్వేల్లో వ్యవసాయ కూలి స్త్రీని గృహిణి అని రాసే అలవాటుకు ఎక్కడెక్కడో చుట్టాలున్నారు.

1837కు వెనుక ఇక చర్చి రిజిస్టర్లే దిక్కు. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు పుస్తకంలో రాసి, రెండు తాళాల పెట్టెలో ఉంచమని ఆజ్ఞ ఇచ్చాడు. ఇదేదో కొత్త పన్నుకు ఎత్తని జనం అప్పుడు భయపడ్డారు. 1598 నుంచి తోలు కాగితం మీద రాయడం, ఏటా ఒక నకలు బిషప్పుకు పంపడం నియమమయ్యాయి. ఊళ్ళో పుస్తకాన్ని చెద తిన్నా బిషప్పు దగ్గరి నకలు మిగిలే అవకాశం ఉంది. 1754 నుంచి పెళ్ళిళ్ళకూ, 1813 నుంచి బాప్తిస్మాలకూ ఖననాలకూ అచ్చు పత్రాలు వచ్చాయి. రిజిస్టర్లు చదవడానికి క్యాలెండరూ తెలియాలి. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరిలో చనిపోయినవాడు ఆ లెక్కన అంతకుముందు ఏప్రిల్‌లో పుట్టిన బిడ్డకంటే తర్వాత చనిపోయినట్టే గాని, మన లెక్కతో చదివితే ముందే చనిపోయినట్టు కనిపిస్తాడు.

ఒకే ఊళ్ళో ఒకే పేరుతో నలుగురు జాన్లు, ఐదుగురు మేరీలు ఉంటారు. ఇంటిపేరును గురువు చెవికి వినపడినట్టు మూడు రకాలుగా రాస్తాడు. పేరు కలిసింది కదా అని పరాయివాణ్ణి తాతగా తెచ్చుకోవడం చాలా తేలిక. మా వియ్యపురాలు ఒక జాన్ చుట్టూ రెండేళ్ళు తిరిగి, అతను మూడేళ్ళ వయసులోనే ఖననమైనట్టు తెలిసి, అతని కొమ్మను మొత్తం కొట్టేశారు. ‘చనిపోయిన బిడ్డకు మనవల్ని అంటగట్టాను’ అని ఆమె నాతో నవ్వుతూ అన్నారు. ఆ నవ్వులో బాధ ఉంది.

ఇక్కడి నుంచి వెతుకులాట నాకు దగ్గరి విషయమైంది. 1806 నాటి బాప్తిస్మం పద్దులో ఒక మగబిడ్డ పేరు, తల్లి పేరు ఉన్నాయి. తండ్రి పేరు లేదు. పక్కన అక్రమ సంతానమని రాసి ఉంది. చర్చి గురువు ఒక్క మాటతో ఆ బిడ్డను జీవితాంతం గుర్తుపట్టేలా చేశాడు. కానీ ఊరి పెద్దలకు ఆ బిడ్డ పాపం కంటే ఖర్చు ముఖ్యం. తండ్రి దొరకకపోతే బిడ్డ పోషణ పారిష్ నెత్తిన పడుతుంది. అందుకని తల్లిని న్యాయాధికారుల ముందు నిలబెట్టి, ప్రమాణం చేయించి, తండ్రి ఎవరో చెప్పించారు. ఆ మనిషితో పూచీకత్తు రాయించుకున్నారు. ఆ కాగితం పారిష్ పెట్టెలో మిగిలింది. రెండు వందల ఏళ్ళ తర్వాత మా మనవరాలి చెట్టుకు ఒక కొమ్మ మొలిచింది దాని వల్లనే. ఒక నిరుపేద పడతిని అవమానించిన కాగితమే ఆమె వంశానికి ఏకైక సాక్ష్యం అయింది.

పేదవాణ్ణి పుస్తకంలోకి ఎక్కించింది దయ కాదు. 1662 నాటి సెటిల్‌మెంట్ చట్టం ప్రకారం ప్రతి పేదవాడికీ ఒక సొంత పారిష్ ఉండాలి. కష్టం వస్తే ఆ పారిషే ఆదుకోవాలి. వేరే ఊళ్ళో సాయం అడిగినవాణ్ణి ఇద్దరు న్యాయాధికారులు విచారించేవారు. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఏడాది నిండా జీతం చేశావు, ఎక్కడ పని నేర్చుకున్నావు, ఏటా పది పౌండ్ల అద్దె ఎక్కడైనా కట్టావా అని అడిగి రాసుకునేవారు. జవాబు సరిపోకపోతే అతన్నీ భార్యాబిడ్డల్నీ సొంత ఊరికి తరిమేవారు. ఏడాది నిండితే హక్కు వస్తుందని యాభై ఒక్క వారాలకే జీతగాణ్ణి మాన్పించే రైతులు ఉండేవారు. పుట్టబోయే బిడ్డ తమ లెక్కలో పడుతుందని నిండు గర్భిణులను పొలిమేర దాటించిన పారిష్‌లు ఉన్నాయి. ఇవాళ కాంట్రాక్టు ఉద్యోగులకు మధ్యలో విరామం చూపించే యాజమాన్యాలు కొత్తగా కనిపెట్టినదేమీ లేదు.

కానీ ఆ విచారణ పత్రాలే నేడు ఇంగ్లండు కూలీల ఆత్మకథలు. చదువురాని మనిషి తన జీవితాన్ని ఊరూరా చెప్పుకుపోయిన మాట అందులో ఉంది. అడిగింది తరమడానికి. మిగిలింది చరిత్రగా. ఆ కాగితాలు చదువుతుంటే నాకు కులధ్రువీకరణ పత్రం కోసం నిలబడిన రోజులు గుర్తుకొచ్చాయి. మీ తండ్రి ఎవరు, తాత ఎవరు, ఏ పల్లె, ఏ మతం, ఎవరు సాక్ష్యం అని రాజ్యం మమ్మల్ని అడిగింది ఆ ఒక్క గుమ్మం దగ్గరే. మా జవాబులు రాసుకున్న దరఖాస్తు ఏమైందో అడిగితే, పాత కాగితాలు చెత్తలో పోయాయన్నారు ఒక కార్యాలయంలో.

మరొక పోలిక నన్ను ఇంకా వెంటాడుతోంది. 1697 నాటి చట్టం ప్రకారం పారిష్ సాయం మీద బతికే ప్రతి ఒక్కరూ, వారి భార్యాబిడ్డలూ, కుడి భుజం మీద ఎర్రని లేదా నీలి గుడ్డతో పారిష్ మొదటి అక్షరం, దాని పక్కన నిరుపేద అని తెలిపే ‘పి’ అక్షరం కుట్టుకు తిరగాలి. ఆ నిబంధన 1810లో రద్దయింది. అంతకుముందే 1783లో రిజిస్టరులోని ప్రతి పద్దు మీద మూడు పెన్నీల పన్ను వేశారు. నిరుపేదలకు మినహాయింపు. 1794 వరకు ఆ పన్ను నడిచింది. మా అల్లుడి పూర్వికుల్లో ఒకరి ఖననం పక్కన ‘పి’ కనిపించింది. నిజంగా బిచ్చం మీద బతికాడా, మూడు పెన్నీలు తప్పించడానికి గురువు దయతో రాశాడా అన్నది తేలదు.

మెడలో ముంతతో, నడుముకు తాటాకుతో మన పూర్వికులను నడిపించిన దేశం నుంచి వెళ్ళినవాడిని. కనుక ఆ గుడ్డ అక్షరం చూసి ఇంగ్లండులోనూ కులం ఉందని తేల్చేయడానికి నాకు ఒక్క క్షణం చాలు. ఆ తొందర తప్పు. భుజం మీది అక్షరం సాయం ఆగిన రోజున ఊడిపోతుంది. చర్చిలో పేదవాడిది వెనుక బెంచీయే అయినా గుమ్మం అదే. పేరును బట్టి కూడా చూడవచ్చు. స్మిత్ అంటే కమ్మరి, థాచర్ అంటే పైకప్పు నేసేవాడు, టర్నర్ అంటే తరిమెన పట్టేవాడు. కానీ 1851 పట్టికలో స్మిత్ పొలం దున్నుతాడు, టర్నర్ గొర్రెలు కాస్తాడు. వృత్తి ఇంటిపేరులో శిలాజమై మిగిలింది, మనిషిని అందులో బంధించలేదు. ఆగ్ ల్యాబ్ మనవడు రైలెక్కి పోర్టరు అయితే, అతని తాత ఎవరని ప్లాట్‌ఫారం మీద ఎవరూ అడగలేదు. మన దగ్గర వృత్తి మారినా కులం మారదు. డాక్టరైనా, కలెక్టరైనా, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మొదట అడిగేది అదే. వృత్తుల విభజనను చూపి కులాన్ని సమర్థించేవారికి అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో జవాబు చెప్పారు. ఆ జవాబు ఎంత నిజమో ఈ పట్టికలు పక్కన పెట్టుకు చదివితే మరింత స్పష్టంగా తెలుస్తుంది.

ఆ మార్పు ఉత్తపుణ్యాన రాలేదన్నది కూడా చెప్పాలి. అదే డోర్సెట్‌లోని టోల్‌పడిల్ గ్రామంలో వారానికి తొమ్మిది షిల్లింగుల కూలిని ఎనిమిదికి, ఏడుకు కోసి, ఆరుకు దించబోతే కూలీలు సంఘం పెట్టారు. రహస్య ప్రమాణం చేశారన్న నేరం మోపి 1834 మార్చిలో ఆరుగురికి ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష వేశారు. దేశమంతా కదిలింది, 1836లో క్షమాభిక్ష వచ్చింది. ఆరుగురిలో ఊరికి తిరిగి వచ్చి ఆ ప్రాంతంలోనే నిలిచినవాడు జేమ్స్ హ్యామెట్ ఒక్కడే. ఆయన 1891లో డోర్చెస్టర్ వర్క్‌హౌస్‌లో, అంటే అనాథ పేదల ఆశ్రయంలో, కన్నుమూశాడు. ఆ తర్వాత 1872లో జోసెఫ్ ఆర్చ్ నాయకత్వాన వ్యవసాయ కూలీల జాతీయ సంఘం లేచింది. 1884లో పల్లెకూలీల్లో ఇల్లుగల పురుషులకు ఓటు వచ్చింది. ఆగ్ ల్యాబ్ అనే గడి నుంచి బయటపడటానికి సంఘం, బడి, ఓటు, రైలు నాలుగూ కావలసి వచ్చాయి. ఇవన్నీ మనకూ వచ్చాయి. అయినా మన గడి చెరగలేదు.

ఇప్పుడు మా వైపు కొమ్మల సంగతి. మాది గుండ్లకమ్మ పక్కన ఒక పల్లె. మా తాత పేరు నేను కాగితం మీద చూసింది ఒక్కచోట. ఒక భూస్వామి ఇంటి జీతగాళ్ళ పద్దులో. పేరుకు ముందు కులం, పేరుకు వెనుక ‘గాడు’. తండ్రి పేరు లేదు, వయసు లేదు. తీసుకున్న ధాన్యం, తీరని బాకీ మాత్రం పైసతో సహా ఉన్నాయి. ఆ పద్దులోని మాటను ఇక్కడ తిరిగి రాసి ఆయనను మరొకసారి కించపరచలేను. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని ఆకలిగొన్న మాదిగలకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో మా తాత తండ్రి ఒకడని ఇంట్లో వినికిడి. దానికి నా దగ్గర కాగితం లేదు. ఆ 2,222 అనే అంకె మా ప్రాంతంలో ప్రతి క్రైస్తవ దళితుడికీ తెలుసు. అందులో పది పేర్లు చెప్పగలవాడు నాకు ఇంతవరకు కనిపించలేదు.

బ్రిటిష్ పాలకులు మనల్ని లెక్కపెట్టలేదా? పెట్టారు. 1871–72 నుంచి 1931 వరకు కులాలవారీగా లెక్కపెట్టారు. 1901లో రిస్లీ కులాలను గౌరవపు వరుసలో పేర్చబోతే దేశమంతా మాకు పై మెట్టు కావాలని అర్జీలు పెట్టింది. కింద ఉన్నవారూ ఆ గడి కోసం పోరాడారు. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములన్న పేరును తోసివేసి ఆది ఆంధ్రులమని ప్రకటించింది. 1931 లెక్కల్లో హైదరాబాదు రాజ్యంలో ఆది హిందువులన్న పేరు ఎక్కింది. అవి గొప్ప పోరాటాలు. కాని గమనించండి, అవి సమూహం పేరు కోసం జరిగిన పోరాటాలు. మనిషి పేరు రాసిన చీటీలు కూడికలు పూర్తయ్యాక మిగలలేదు, మొత్తాలు మిగిలాయి. ఒకే సామ్రాజ్యం తన సొంత కూలీల పేర్లను భద్రపరిచింది, మన కులాల మొత్తాలను భద్రపరిచింది. స్వతంత్ర భారతం 1948 జనగణన చట్టంలోని పదిహేనో సెక్షన్ ద్వారా ఆ కాగితాలను ఎవరూ చూడరాదని నిర్ణయించింది. అక్కడ నూరేళ్ళ గడువుంది, ఇక్కడ గడువే లేదు.

మన పేదల పేర్లు శ్రద్ధగా రాసిన పుస్తకం ఒకటి ఉంది. అది మన గడ్డమీద లేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 వరకు నేటాల్ చెరకు తోటలకు 1,52,000 మందికి పైగా భారతీయ కూలీలు వెళ్ళారు. వారిలో తెలుగువారు చాలామంది. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న వివరాలవి. నేడు దక్షిణాఫ్రికా తెలుగువారు తాతల ఊళ్ళను వాటిలోనే వెతుక్కుంటున్నారు. ఊళ్ళో ఉండిపోయిన అన్నకు లేని చరిత్ర, ఓడెక్కిన తమ్ముడికి ఉంది.

లండన్ రిజిస్టర్లలోనూ మన తీరపు మనిషి ఒకడున్నాడు. ఈస్టిండియా కంపెనీ మతగురువు పాట్రిక్ కోప్లాండ్ 1614లో మచిలీపట్నం నుంచి ఒక బాలుణ్ణి ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. 1616 డిసెంబరు 22న సెయింట్ డయోనిస్ బ్యాక్‌చర్చిలో అతనికి బాప్తిస్మమిచ్చారు. పీటర్ అన్న పేరును ఎంచింది ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్. తేదీ ఉంది, చర్చి ఉంది, రాజు పెట్టిన పేరుంది. తల్లి పెట్టిన పేరు లేదు.

రాతలో లేకపోయినా నోటిలో మనకు వంశాలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. పిచ్చుకుంట్లవారు రెడ్ల గోత్రాలు చెబుతారు, సాధనాశూరులు పద్మశాలీలను ఆశ్రయించి బతికారు, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం వినిపిస్తారు. జాంబపురాణం మా జాతి ఈ భూమికంటే ముందు పుట్టిందని ఎలుగెత్తి చెబుతుంది. దానికి నేను తలవంచుతాను. అయినా ఆదిజాంబవుడికీ మా తాతకూ మధ్య ఉన్న మనుషులు ఎవరన్నది అది చెప్పదు. కులానికి పురాణం ఉంది, కుటుంబానికి పేర్ల వరుస లేదు.

రాబోయే 2027 జనగణనలో కులాన్ని లెక్కించబోతున్నారు. తెలంగాణ 2024 నవంబరులోనే ఇంటింటి సర్వే మొదలుపెట్టింది. కులగణన కావాలి. వాటా తేలాలంటే మొత్తం తేలాలి. దానిపై నాకు రెండో మాట లేదు. నేను దానికి ఒక కోరికను జతచేస్తున్నాను. నింపిన పత్రాలను కూడికల తర్వాత నాశనం చేయకుండా, నూరేళ్ళో అంతకంటే ఎక్కువో గడువు పెట్టి, ఆ తర్వాత వారసులకు తెరవాలి. బతికి ఉన్నవారి కులవివరాలు బయటపడితే వచ్చే ప్రమాదం నాకు తెలుసు. అందుకే గడువు. కాని శాశ్వతమైన తాళం రహస్యాన్ని కాపాడటం కాదు, మనుషులను చెరిపేయడం.

ప్రభుత్వం వినేదాకా ఆగనక్కరలేదు. ఇంగ్లండులో పారిష్ రిజిస్టర్లనూ జనాభా పట్టికలనూ పేరు పేరునా ఎక్కించి ఉచితంగా ఇస్తున్నవారిలో వేలాది స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. మన విద్యార్థులకు ఆ శక్తి లేదా? ప్రతి పాత బడిలోనూ అడ్మిషన్ రిజిస్టరు ఉంది. దళితుడి పేరు గౌరవంగా, తండ్రి పేరుతో సహా మొదట ఎక్కింది చాలాచోట్ల అందులోనే. సంక్షేమ హాస్టళ్ళ హాజరు పట్టీలు, మిషన్ సంఘాల సభ్యత్వ పుస్తకాలు, ఉపాధి హామీ మస్టర్ రోల్స్, ఇంటిస్థలాల పట్టాలు ఉన్నాయి. చెదకంటే ముందు ఫోను కెమెరా అక్కడికి చేరాలి. వాటికంటే ముందు పల్లెలోని ముసలమ్మల దగ్గరకు చేరాలి.

తిరిగి వచ్చాక నేను చేసిన మొదటి పని అదే. మా పల్లెలో ఎనభై దాటిన మా మేనత్త దగ్గర కూర్చున్నాను. మూడు సాయంత్రాల్లో ఆమె మా తాత తండ్రి పేరు చెప్పింది, అతని ఇద్దరు చెల్లెళ్ళ పేర్లు చెప్పింది. ఒకామె కాలువ పనిలో చనిపోయిందట. ఎవరూ అడగలేదు కనుక ఇన్నేళ్ళూ చెప్పలేదంది. చర్చి రిజిస్టర్లు చదివి నేర్చుకున్న జాగ్రత్తతో, ఆ పేర్ల పక్కన ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాసుకున్నాను. వెనుక ‘గాడు’ లేకుండా రాసుకున్నాను. ఆ కాగితం ఫొటో తీసి మనవరాలికి పంపించాను. బడిలో ఆ చెట్టు బొమ్మను ఎప్పుడో గోడమీది నుంచి తీసేశారట. పిల్ల దాన్ని ఇంటికి తెచ్చి, ఎడమకొమ్మ మీద ఐదో తరం రాసింది.